పచ్చకన్ను

నాయన కాడ నేర్చింది రెండే:
టంకం కరిగించేది, మోత వినేది.
మా ఆదోనిలో రేడియో మూత తీస్తే చాలు,
లోపల నలభై ఏండ్ల దూది
గూడు కట్టుకోని ఉంటాది.
కుంచెతో దులిపి, కాలిన వైరు పీకి,
చచ్చిన వాల్వు తీసి బతికింది పెట్టి
ఫోటో తీసి నెట్లో పెడతా.
అద్దం మీద లండన్, కైరో, మాస్కో, కొలంబో.
ఆ ఊర్లన్నీ మా ఇంట్లో మాట్లాడినయి గానీ
ఒక్కటన్నా పైసా అడగలే.

పోయిన నెల రాటర్‌డ్యామ్ నుంచంటా ఒకాయప్ప రాసినాడు.
ఫోను దాన్ని తెలుగు చేసింది:
"ప్రియమైన విక్రేతా, నీ వస్తువు నాకు మిక్కిలి నచ్చెను.
ధర గురించి చింత వలదు. దేవుడు నిన్ను దీవించుగాక."
మూడొందల డాలర్లంటే మారుమాట లేదు.
వస్తువు అని రాసినాడు,
రేడియో అని రాయలే.
అప్పుడే నా చెవి నిక్కాల్సింది.
కరెంటు బిల్లు, మా మస్తానుగాని పాలిటెక్నిక్ ఫీజు
చెవికి అడ్డం పడినాయి.

రాత్రి పదకొండుకు మెయిలు.
పైన నీలం ముద్ర, కింద పెద్దాఫీసు సంతకం.
ఐదొందలు పడినాయంట.
పడినాయి గానీ పడలేదంట,
నిలిపి ఉంచినారంట.
పొరపాటున ఎక్కువేసినా,
ఆ రెండొందలు మా రవాణా మనిషికి కట్టు,
రశీదు చూపిస్తే మొత్తం విడుదల.
పదహారువేల ఆరొందలు మాత్రమే.
అక్షరాల్లో గూడా రాసినాడు పుణ్యాత్ముడు.

నంబరు కొట్టినా.
పిన్నులో మూడంకెలు కొట్టినా.
బల్ల మీద ఆ మర్ఫీనే
రెండు స్టేషన్ల నడుమ ఇరుక్కోని గురగురమంటాంది.
దాని ముందర పచ్చకన్ను.
నిజం స్టేషను తగిల్తే ఆ కంట్లో నల్లచీలిక
సన్నబడి మూసుకుంటాది.
ఉత్త గాలికి మూసుకోదు.
ఆ పొద్దు నన్నే చూస్తా
బార్లా తెరుచుకోని ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
ఈయప్ప అడక్కుండానే
రెండొందలు ఎందుకు వడ్డించినాడు?

తెల్లారి బ్యాంకులో సుంకన్న పాసుబుక్కు అచ్చేసిచ్చినాడు.
కడా వరస నా చీటీ దుడ్డే.
"మెయిల్లో పడేది దుడ్డు కాదమ్మా,
ఇందులో పడేదే దుడ్డు."
ఇంటికొచ్చి ఒక్క మాట రాసినా:
మీ ఊర్లో కరెంటు ఎన్ని వోల్టులు సారూ?
జవాబు రెండు నిమిషాల్లో:
"అత్యవసరము. నేడే చెల్లింపుము. లేనిచో పోలీసు."
దేవుడు ఏ పక్కకు పోయినాడో.

నవ్వినా గానీ, ఉరుకుందమ్మ మతికొచ్చింది.
కుట్టుమిషను అమ్మబోయి,
దుబాయి ఆఫీసరునంటే నమ్మి,
దుడ్డు రావాలంటే పిన్ను కొట్టమంటే కొట్టింది.
వచ్చే దుడ్డుకు పిన్నెందుకని
ఆమెకు ఎవురూ చెప్పలే.
ఆమె గూడా ఎవురికీ చెప్పలే,
నాకు తప్ప.
అందుకే ఇక్కడ పేరు మార్చినా.

ఇప్పుడు పోర్చుగల్ నుంచి ఒకామె,
పేరు లూర్దెస్, శానా సతాయిస్తాంది.
వాల్వులు పాతవా, కొత్తవా?
ముల్లు దారం ఎప్పుడు మార్చినావు?
చెక్కకు పురుగుందా? వెనకట్ట అసలుదేనా?
ముప్పై డాలర్లు తగ్గించమని నాలుగు రోజులు పోరింది.
ఈమె నిజం మనిషి,
అయినా అంగడి లెక్కలో దుడ్డు కనపడి,
అది నా పాసుబుక్కులో దిగిందాక
అట్టపెట్టెకు టేపు వేసేది లేదు.

నిన్న పన్నెండో ప్రశ్న పంపింది:
వేడెక్కినాక ఏం వాసనొస్తాది?

ఇన్నేండ్లలో ఎవురూ అడగలేదు ఆ మాట.
స్విచ్చి వేసినా.
వాల్వులు ఎర్రబడిందాక
ముక్కు వెనకట్ట కాడ పెట్టి కూచున్నా.
మైనం. పాత చెక్క. కొంచెం కాలిన దూది.
దూదికి వాళ్ళ భాషలో ఏమంటారో.