దవడకి ఎవరు చెప్పారు

మా అత్తగారు స్తెఫానియా అంటే నాకు పడేది కాదు.
ఎందుకని లినాస్ అడిగినప్పుడల్లా
ఏదో ఒకటి దొరికేది.
పెద్దగా నవ్వుతుందని,
చెంచాలు లెక్కపెట్టి మరీ సర్దుతుందని,
నా పేరు చివర సాగదీస్తుందని, వైవాఆ అని.

ఇరవై రెండేళ్లు పోగేశాను కారణాలు.
అయిష్టం వాటికంటే ముందే వచ్చి
కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొదటిసారి ఆవిడ తలుపు తీసినప్పుడు
ఆవిడకన్నా ముందు వాసన వచ్చింది.
పొయ్యిలో తేనె రొట్టెలు, వాటిలోంచి లవంగం.
నా దవడ బిగిసింది.
"పిల్ల చలికి కొంకర్లు పోతోంది" అంటూ
నా చేతులు తన చేతుల్లో పెట్టుకుంది.

చలి కాదది.
కౌనస్‌లో మా బడి,
సగం దాకా ఆకుపచ్చ రంగు కొట్టిన గోడ,
కాలితో తొక్కితే గిర్రున తిరిగే బరమా,
నుదుటి మీద నర్సు మోచెయ్యి,
పుప్పిపన్ను గుంటలో లవంగనూనె తడిపిన దూది.
ఏడిస్తే ఇంకో పన్ను కూడా చూస్తానన్నాడు డాక్టరు.
ఏడవలేదు. తొమ్మిదేళ్లు నాకు.

అత్తగారి గుమ్మంలో ఇదేదీ గుర్తు రాలేదు.
గుర్తు రాకపోవడమే దాని పనితనం.

మొన్నటి జ్వరం
ఆరు వారాలు నా ముక్కు కట్టేసింది.
కాఫీ అంటే వేడినీళ్లు,
సబ్బు అంటే ఒట్టి జారుడు.
ఆ రోజుల్లోనే, గుట్టెక్కే బండిలో
ఆవిడకి మందులు పట్టుకెళ్లాను.
తలుపు తెరుచుకుంది.
ముందు ఏమీ రాలేదు. మనిషే వచ్చింది.
మోచేతుల దాకా పిండి,
నా భుజం దాకా కూడా రాని మనిషి.
నవ్వింది.
పెద్దగా ఏం కాదే,
ఎప్పుడూ ఇంతేనా?

చెంచాలు తుడుస్తూ లెక్కపెడుతోంది.
"మా అమ్మతో సైబీరియాకి పన్నెండు వెళ్లాయి,
తిరిగొచ్చినవి అయిదు" అంది,
లెక్క ఆపకుండానే.
ఎదురుగా కూర్చుని రెండు రొట్టెలు తిన్నాను.
తీపి ఒక్కటే తెలిసింది.

ఈ ఆదివారానికి ముక్కు తెరుచుకుంది.
మెట్ల మీదే పట్టేసుకుంది లవంగం.
ఆవిడ నాకేం చెయ్యలేదని దవడకి చెప్పి చూశాను.
అది నా మాట వినే వయసు దాటిపోయింది.
కోటు విప్పే వంకతో నిలబడ్డాను.

మా ఉర్తె గట్టిగా గాలి పీల్చి
"నానమ్మ వాసన!" అని
రెండేసి మెట్లు ఎక్కేసింది.

లోపల చెంచాల చప్పుడు.
నేనింకా మూడో గుండీ దగ్గరే ఉన్నాను.