నలభై అడుగుల మొహం

బెంజి సర్కిల్లో
నా మొహం నలభై అడుగులు.
పొద్దున్నే ముక్కు మీద కాకి వాలుతుంది.
కంటి కింది మచ్చని ఎవరో చెరిపేశారు.
ఏలూరు బస్సులో నిద్రపోయే పిల్లల్ని
లేపి మరీ చూపిస్తారు తల్లులు:
"అదిగో, ఆ అమ్మాయిలా."

ఆ అమ్మాయికి నిద్ర పట్టి నాలుగు నెలలైంది.

గది నాలుగు వందల పన్నెండు.
పై మంచం నాది, కింది మంచం దీవెనది.
వాళ్ల నాన్న గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోస్తాడు.
ఆదివారం ఆయనొస్తే చొక్కాలోంచి ఘాటు,
గదంతా తుమ్ములు.
దీవెన నవ్వుతూ తుమ్మేది, రెండూ ఒకేసారి ఎలా వచ్చేవో.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది.
సీతారావమ్మ వార్డెను రిజిస్టర్లో రాసింది,
ఫోన్ చేసింది, మళ్లీ చేసింది.
నాలుగింటి స్టడీ అవరుకి
డైరెక్టర్ గారు రౌండుకొచ్చి
తలుపు దగ్గరే నిలబడి చూసి వెళ్లిపోయారు.
తెల్లారితే గ్రాండ్ టెస్టు.
నేను లిమిట్స్ లెక్కలు తిరగేస్తూ
ఆ మూలుగు వినపడకుండా
చెవుల్లో దూది పెట్టుకున్నాను.
ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

టెస్టులో నాకు ఫస్టు.
మధ్యాహ్నం దీవెన మంచం మీద పరుపు లేదు.

ఏసీ గదిలో జీడిపప్పు పళ్లెం నా వైపు జరిపి
"నిన్ను అంత ఎత్తు ఎక్కించింది ఎవరమ్మా?" అన్నారాయన.
మెత్తగానే అన్నారు.
"దించడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు. బ్లేడు చాలు."
కాగితం మీద ఒకే వాక్యం:
ఆ రాత్రి దీవెన బాగానే నిద్రపోయింది.
పెన్ను కూడా ఆయనదే. ఆకుపచ్చ ఇంకు.
పెట్టాను సంతకం.

ఉద్యోగం ఊడిన రోజు సీతారావమ్మ
నా కారప్పొడి డబ్బా ఇచ్చి వెళ్లింది.
"అడుగుదాకా తిను" అంది, అంతే.
అడుగున, నాలుగు మడతల్లో,
చించేశామని వాళ్లు చెప్పిన పేజీ.
రాత్రి 2.40. రూమ్ 412. కడుపునొప్పి. ఆస్పత్రికి పంపాలా?
పక్కన ఆకుపచ్చగా:
టెస్టు అయ్యాక.

నిన్న గవర్నర్‌పేట నుంచి ఖాజా ఫోన్.
"కొత్త ఫ్లెక్సీ అక్కా, అడ్మిషన్లది. నీ మాటల్లో
అచ్చుతప్పులుంటే చూసి పోవా?"
నా మాటలు నేనింకా చదవలేదు.

బందరు కాలవ వంతెన దగ్గర తెల్ల కారు.
బీసెంటు రోడ్డు మొగలో మళ్లీ అదే కారు.
సర్దేస్తున్న చెప్పుల బళ్ల మధ్యనుంచి,
హ్యాంగర్లకి వేలాడే చుడీదార్ల కిందనుంచి
వంగి నడిచాను.
ఊరందరికీ తెలిసిన మొహానికి
దాక్కోవడం ఎంత కష్టమో
ఆ పది నిమిషాల్లో తెలిసింది.

ఖాజా పేజీ చదివాడు.
రెండోసారి చదివి షట్టరు సగం దించాడు,
తర్వాత మొత్తం.
స్కానరు మూత తెరిస్తే ఇద్దరికీ తుమ్ములు.
"నీ మొహం తీసేయనా?"
"ఉంచు. మొహం ఉంటేనే పైకి ఎక్కిస్తారు.
కట్టేవాళ్లు చదవరు."
"నా షాపు పోద్ది" అన్నాడు.
అంటూనే సిరా డబ్బాలు చూసుకున్నాడు.
"ఆకుపచ్చ సరిపోద్దిలే."

మెషీను అటూ ఇటూ, అటూ ఇటూ.
ముందు నా జుట్టు. నుదురు. కన్ను.
కంటి కింద మచ్చ, ఈసారి వాడు చెరపలేదు.
తర్వాత వార్డెను చేతిరాత,
ఒక్కో సున్నా బండి చక్రమంత.

షట్టరు కింద సందులోంచి
కారు లైట్ల వెలుగు నేల మీద పాకింది.
ఇంజను ఆగింది.
రెండు జతల బూట్లు.
ఎవరో వేలితో తట్టారు, మర్యాదగా.
తర్వాత అరచేత్తో.

"ఇంకెంత?" అన్నాను.
చెవుల్లో దూది లేదు, ప్రతి దెబ్బా వినపడుతోంది.

ఖాజా తల తిప్పలేదు.
"పన్నెండు అడుగులు."