ఏప్రిల్ రిపోర్టు

ఖాజాగూడ వెనక గుట్ట మీద
ఏప్రిల్‌లో సర్వే చేసింది నేనే.
బండ పెనంలా కాలుతోంది.
ఫారంలో "మొక్కలు" అన్న గడిలో
"లేవు" అని రాశాను.
రెండే అక్షరాలు.
నా సంతకం అంతకంటే పొడుగు.

జులైలో ఎర్ర రంగు డబ్బాతో మళ్ళీ ఎక్కాను,
మందు కూరే బెజ్జాలకు గుర్తులు పెట్టడానికి.
పదిహేడో గుర్తు దగ్గర
బండ అరచేతి గుంటలో
చారెడు మన్ను, రెండు గుక్కల వాన,
అందులో అది.

వేలెడంత కాడ.
ఊదా అనలేం, నీలం అనలేం,
ఉతికి ఉతికి వెలిసిన కొంగు రంగు.
గొంతులో పసుపు చుక్క, కొంచెం పక్కకు,
పెట్టిన చెయ్యి వణికినట్టు.

"దాని మీద ఎయ్యకు సారూ"
అంది వల్లెపు తిరుపతమ్మ, గంప దించి.
వాళ్ళ నాయన ఈ గుట్టలో రాళ్ళు కొట్టే రోజుల్లో
ఇది పూసిన చోట ఉలి పెట్టేవాడు కాదట.
భక్తి కాదు, లెక్క.
"ఇది ఉన్న కాడ లోపట చెమ్మ ఉంటది,
చెమ్మ ఉన్న రాయి సక్కగ చీలది."
పేరేంటంటే నవ్వింది.
"మేం ఆగుపువ్వు అంటం."

నాలుగు రోజులు పూస్తుందట.
మిగతా ఏడాదంతా
బండతో పాటు బండలాగే ఉంటుందట.

గుర్తును రెండడుగులు జరిపాను.
డ్రాయింగులో రెండడుగులంటే తప్పు.
గుట్టకు రెండడుగులంటే ఏమీ కాదు.
శనివారం మూడింటికి సైరన్ మోగి ఆగాక
ఆ సంగతి తెలిసింది.
దుమ్ము రోడ్డు దాటి
బిర్యానీ సెంటర్ బోర్డు మీద కూర్చుంది.

ముందురోజు సాయంత్రమే
టిఫిన్ డబ్బా మూతలో ఆ గుంట మన్ను తెచ్చుకున్నాను.
బోరబండలో మా డాబా మీద కుండీలో వేసి
బోరు నీళ్ళు పోశాను.
గరిక వచ్చింది.
మా పాప రోజూ దానికే గుడ్ మార్నింగ్ చెబుతుంది.
నేను సరిదిద్దలేదు.

ఇప్పుడు అమీన్‌పూర్ అవతల ఇంకో గుట్ట.
ఇదీ ఏప్రిలే. ఇదీ పెనమే.
అదే ఫారం, అదే గడి.
"ఇప్పుడు కనబడవు. వానలు పడ్డాక వచ్చి చూడాలి"
అని రాశాను.

ఆఫీసు నుంచి నర్సింగరావు గారి ఫోన్:
"గడిలో అంత వాక్యం పట్టదయ్యా."

పట్టలేదు, నిజమే.
గీత దాటి, కింది గడి దాటి
సంతకం చోటు దాకా పాకింది.