మొప్ప ఎత్తి చూడు

బురేలా రేవులో తెల్లవారుజామున నాలుగున్నరకి
వేలం గడియారం పైనుంచి కిందికి దిగుతుంది:
పద్నాలుగు యూరోలు, పదమూడు తొంభై, పదమూడు ఎనభై...
ముందు మీట నొక్కినవాళ్లదే చేపల పెట్టె.

దానికి కొత్త గుండె వెతికే పని
నాకూ బ్రాయిస్‌కీ పడింది.
ఐసు గది పక్కన పెట్టె బోర్లించి
దాని మీద లాప్‌టాప్.

మొదటి రన్‌టైమ్ పరుగులో దిట్ట.
కానీ నడుమ నడుమ
చెప్పాపెట్టకుండా ఆగి తన చెత్త తానే ఊడ్చుకుంటుంది,
నలభై మిల్లీసెకన్లు.
"రెప్పపాటులో సగం కూడా కాదు" అన్నాడు బ్రాయిస్.
ఆ సగంలో ఇద్దరు నొక్కితే
చేప ఎవరిది?

రెండోదానికి చీపురే లేదు.
గిన్నె తీసినవాడే కడిగి బోర్లించాలి,
లేదా కంపైలర్ గుమ్మం దాటనివ్వదు.
మూడు రోజులు గుమ్మంలోనే నిలబడ్డాను.
నాలుగో రోజు రానిచ్చింది. ఇక ఆగలేదు.

మిగిలింది లైబ్రరీ.
ఒకదానికి నలభై వేల నక్షత్రాలు,
ఇంకోదానికి రెండు వందల పన్నెండు.
లైసెన్సులో మాత్రం రెంటిదీ ఒకటే మాట:
ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, పూచీ లేదు.

అరవై ఏడేళ్ల రెమెదియోస్
మా తెర వంక చూడనైనా చూడలేదు.
బొటనవేలితో చేప మొప్ప ఎత్తి అంది:
"పైన వెండి చూసి మోసపోకండి.
నీళ్లు చల్లితే మూడోనాటి చేపా మెరుస్తుంది."

ఆ రాత్రి మూసేసిన ఫిర్యాదులు తిరగేశాం.
పెద్దదాంట్లో చాలావాటిని
ఎవరూ పలక్క, గడువు దాటాక, ఒక బాట్ మూసింది.
చిన్నదాంట్లో సెల్సో అనే ఒక్కడు,
పరాగ్వేలో నైట్ డ్యూటీ నర్సు:
"తప్పు నాదే. డ్యూటీ దిగాక చూస్తాను."
దాని కింద, పదకొండు గంటల తర్వాత,
రెండే రెండు వరుసల మరమ్మతు.

"ఒక్కడే. రేపు జ్వరమొస్తే?"
బ్రాయిస్ ఇప్పటికీ ఒప్పుకోలేదు.
అతని మాటా తీసెయ్యలేను.
అందుకే సెల్సో రాసిందంతా వరుస వరుసా చదువుతున్నాను,
ఒకవేళ జ్వరమొస్తే
ఆ పూట నేను చూసుకోడానికి.

మొన్న మొదటి వేలం.
పదకొండు ఇరవై దగ్గర రెమెదియోస్ నొక్కింది.
గడియారం ఠక్కున ఆగింది.

అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది.
సముద్రమే లేని దేశంలో
ఎవరి మణికట్టో పట్టుకుని,
గోడ గడియారం చూస్తూ,
లెక్కపెడుతూ ఉంటాడు.