చప్పుడు మాత్రం నాది

సినిమాలో అది డిసెంబరు.
తీసింది జూలైలో, ప్రాగ్ నగరం ఉడికిపోతున్నప్పుడు.
వంతెన మీద కురిసిన మంచు
కాగితప్పొట్టు, సబ్బునురగ.
ఉన్నికోటు లోపల రాడోవాన్ వీపుకి
ఐసు సంచి కట్టారట.

అతనికీ లియోనాకీ పదకొండో రోజునించీ మాటల్లేవు.
ఎవరి ఎడమ చెంప కెమెరా వైపుండాలన్నదే తగువు,
ఇద్దరికీ ఎడమ చెంపే అందం.
అందుకని ముద్దుని రెండు ముక్కలు చేశారు:
సోమవారం ఆమె ముఖం, గురువారం అతని ముఖం.
గురువారం అతను కళ్ళు మూసుకుని
అంత ఆర్తిగా వంగింది
విగ్గు పెట్టుకున్న లైట్‌బాయ్ మీదికి.
నవ్వాపుకోలేక కుర్రాడికి వెక్కిళ్ళు పట్టుకున్నాయి.
పైగా గంట కొట్టుకుంటూ ట్రాము.
ఆ రోజు శబ్దం ఒక్క ముక్కా పనికిరాలేదు.

అక్కడ మొదలవుతుంది నా వంతు.
జిజ్కోవ్‌లో, ఒక బేకరీ కింద, నేలమాళిగ.
తోలుసంచిలో మొక్కజొన్న పిండి నొక్కితే మంచులో అడుగులు,
పాత చేతితొడుగులు దులిపితే పావురాలు.
నాయిక మనసు విరిగే చోట
సెలెరీ కాడ విరుద్దామా అన్నాను సరదాకి.
దర్శకుడు ఓటాకార్ నవ్వలేదు.
నవ్వించే సినిమాలు తీసేవాళ్ళకి నవ్వు పిసరంత తక్కువ.

ముద్దుకి మాత్రం పనిముట్లేవీ లేవు.
టిక్కుటిక్కు మైకులో పడుతుందని
గడియారం తీసి పక్కన పెట్టి
నా మణికట్టుకి నేనే ముద్దు పెట్టుకున్నాను.
"మరీ తడి," అన్నాడు ఓటాకార్ అద్దం అవతల్నించి.
"ఇది మేనత్త బుగ్గ మీద పెట్టేది."
"ఇది స్టాంపు అంటించడం."
ఆరు టేకులు.
పైన పిండి కలిపే మిషను ఆగేదాకా విరామం.

ఆ విరామంలో ఎందుకో బొహుమీర్ గుర్తొచ్చాడు.
లిఫ్టులు బాగుచేసేవాడు.
మూడో అంతస్తుకీ నాలుగుకీ మధ్య ఇరుక్కున్న నన్ను పైకి లాగి
చెయ్యి వదలడం మర్చిపోయాడు.
ముద్దు పెట్టలేదు.
పెట్టబోయే ముందటి ఊపిరి ఒకటి పీల్చాడు, అంతే,
కిందనించి ఎవరో కేకేశారు.

ఏడో టేకులో ముందు ఆ ఊపిరి పీల్చాను.
అద్దం అవతల ఎవరూ మాట్లాడలేదు.

విడుదలయ్యాక టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను.
ఆ చోటు రాగానే
హాలంతా పేలాలు నమలడం ఆపింది.
ముందు వరసలో ఒకమ్మాయి పక్కవాడి చెయ్యి వెతుక్కుంది.
రాడోవాన్‌దీ లియోనాదీ అనుకుంది, పాపం.
చీకట్లో తడుముకున్నాను,
గడియారం పట్టీ కింద
ఎండ తగలని ఆ తెల్లటి చోటు.

తెర మీద నా పేరొచ్చేసరికి లైట్లు వేసేశారు.
ఊడ్చేవాడొచ్చి కాళ్ళెత్తమన్నాడు.
ఎత్తాను.
ఆ చీపురు చప్పుడు బాగుంది,
ఎక్కడ కొన్నావని అడిగాను.