ఎదురు తిప్పు

పెకలోంగన్‌లో సుబెక్తి గారి బాతిక్ షెడ్డు
నూటపది అడుగుల పొడవు, పైన రేకు.
మధ్యాహ్నానికి అట్లపెనం.

కొట్టువాడు కేటలాగు తెరిచాడు:
రెక్క ఇంత, నిమిషానికి ఇన్ని చుట్లు.
రంగుతొట్ల దగ్గరి కుర్రాళ్లు
"అన్నిటికంటే జోరైంది!" అని అరిచారు.

వార్సినా తల ఎత్తలేదు.
నలభై ఏళ్లుగా ఆమె చేతిలో రాగిముక్కు కలం,
దాని కడుపులో కరిగిన మైనం.
గాలి సోకితే ముక్కులోనే గడ్డకడుతుంది,
నెమలి మెడ సగంలో తెగిపోతుంది.
"గాలి కావాలి నాకు," అంది,
"నా పొయ్యికి మాత్రం తెలియకూడదు."

కొట్టువాడు నవ్వాడు. సుబెక్తి నవ్వలేదు.

చివరికి కొన్నవి నాలుగే.
పడవ తెడ్లంత రెక్కలు, బద్ధకపు నడక.
బిగించడానికొచ్చిన జుమాది
నిచ్చెన మీదే తీగలు మార్చి
ఎదురు తిప్పాడు.

గాలి రేకు దాకా ఎక్కి
గోడల వెంట జారి
నేలబారుగా లోపలికొచ్చింది,
చెప్పులు విప్పి.

పొయ్యిలో మంట నిటారుగానే ఉంది.
కాసేపటికి వార్సినా మెడ తడుముకుంది.
చెమట లేదు. ఎప్పుడు ఆరిందో!

పింఛంలో ఇంకా పదిహేడు ఈకలు వేయాలి.