వేడి ఇటొచ్చింది

అరవై మూడు శాతం దగ్గర
మూడోసారి ఆగిపోయింది పెళ్ళి.
జీలకర్ర బెల్లం పెట్టబోతూ
పెళ్ళికొడుకు చెయ్యి గాల్లో ఉండగానే
తెర నల్లబడింది.

బయట నలభై నాలుగు.
లోపల, ప్రాసెసర్ లెక్కలో, తొంభై ఏడు.
గుంటూరు ఏటుకూరు రోడ్డులో
మిర్చి కమీషన్ కొట్టు మీద రేకుల గది నాది.
ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళు కత్తిరించి అతికిస్తాను.
ఇక నా వల్ల కాదని పడుకునే ధైర్యం
యంత్రానికుంది. నాకు లేదు.

లాలాపేట నుంచి సుభానీ వచ్చాడు,
చంకలో అట్టపెట్టె, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు.
పక్క రేకు ఊడదీసి
ఫ్యాను మీద ఉఫ్ అని ఊదాడు.
ఊదకుండా ఉండాల్సింది.
ఆరేళ్ళ మిర్చి ధూళి
ఎర్రగా, మెత్తగా, తీరిగ్గా లేచింది.
అతను తుమ్మాడు, నేను తుమ్మాను,
మెట్ల మీద పిల్లి తుమ్మింది.
"అన్నా, ఇది కంప్యూటరా, కారం మిల్లా?"
అంటూ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

పాత పేస్టు ఎండి
గోడ సున్నంలా పెచ్చులూడింది.
స్పిరిటుతో తుడిచి శనగ్గింజంత కొత్తది పెట్టాడు.
రాగి పలక మీది ప్లాస్టిక్ పొర ఒలిచి
సాక్ష్యంగా నా చేతిలో పెట్టాడు.
అది తియ్యడం మర్చిపోయి
బ్రాడీపేటలో ఒకబ్బాయి నెల్రోజులు
కంపెనీని తిట్టుకున్నాడట.

రేడియేటర్‌కి పైన చోటు లేదు.
డిస్కుల గూడు పీకి ముందువైపు నిలబెట్టాడు,
ఫ్యాన్లు బయటికి తిప్పాడు.
గొట్టాలు కిందికుండాలి,
గాలి బుడగ పంపులోకి పోకూడదు అని
పాలు తాగిన పిల్లకి తేన్పు తెప్పిస్తున్నట్టు
డబ్బాని భుజానికెత్తుకుని ఇటూ అటూ వంచాడు.
గుడగుడ.
గుడ.
తర్వాత ఏమీ లేదు.

ఏడు వేల రెండొందలు.
ఆ రోజు యార్డు రేటుకి
ఒక టిక్కీ తేజ.

మంచినీళ్ళ క్యాను నా గదిలోనే ఉంటుంది.
కింద తొడిమలు తీసే దీనమ్మ
చెంబు పట్టుకుని పైకొచ్చి
గొట్టాల వంక చూసింది.
"దీనిక్కూడా దాహమేనా? రోజుకెన్ని పొయ్యాల?"
పొయ్యక్కర్లేదు, సీలు వేసుంటై,
ఉన్న నీళ్ళే తిరుగుతుంటై అన్నాను.
"తాగదు, పారబొయ్యదు. ఎన్నాళ్ళు?"
ఐదారేళ్ళు.
మిరపకాయలకి మండే అరచేతులు
చల్లగాలి అనుకుని రేడియేటర్ ముందు చాపి
చటుక్కున వెనక్కి తీసుకుంది.
"వేడి యాడికి బొయ్యిందయ్యా?
ఇటొచ్చింది."

నిజమే.
తెర మీద అరవై ఒకటి.
నా చొక్కా వీపుకి అంటుకుపోయింది,
మోకాళ్ళ దగ్గర ఎవరో
పొయ్యి మూత తీసినట్టుంది.

రాత్రంతా నడవాల్సిన పెళ్ళి
సాయంత్రానికే నూరు శాతం అయింది.
స్టూడియో వీరరాఘవులు గారు మహా సంతోషించి
మిగిలిన రాత్రిలోకి
ఇంకో రెండు పెళ్ళిళ్ళు, ఒక ఓణీల ఫంక్షను పంపారు.

ఒకటి మాత్రం సుభానీ చెప్పలేదు.
పాత ఫ్యాను రొద పోతే
ఇల్లు వినపడుతుందని.
చీకటి పడ్డాక కూడా కింద
గుండు బల్బు చుట్టూ
తొడిమ ఊడే చప్పుడు.
చిట్. చిట్.
ఎవరో దగ్గుతారు. చేతులన్నీ ఒక్క క్షణం ఆగుతాయి.
చిట్.
ఆరేళ్ళు ఈ చప్పుడు మీదే కూర్చుని
సన్నాయి సరిచేశాను.

హెడ్‌ఫోన్లు మెళ్ళోకి జార్చుకుని
సగమున్న క్యాను కిందికి మోశాను.
దీనమ్మ తలెత్తలేదు.
"చేతులకి బిగించేది ఏదన్నా ఉంటే
చెప్పమను, మీ సుభానీని."
నవ్విందో లేదో
బల్బు అటువైపుంది, తెలీలేదు.

పైన కొత్త పెళ్ళి
పన్నెండు శాతం.